అరకు ఘాట్, సైకిళ్ళ గుంపు: ఓ రిటైర్డ్ ఫిట్టర్ మాటలు

ఏటా దీపావళి దాటగానే కూర్మన్నపాలెం టీ కొట్టు దగ్గరో, ఉక్కునగరం పార్కులోనో ఎవరో ఒక కుర్రాడు నన్ను పట్టుకుంటాడు. “బాబాయ్, ఈ డిసెంబర్లో పది మందిమి సైకిళ్ళ మీద అరకు వెళ్దామనుకుంటున్నాం. ఏ సైకిల్ కొనమంటారు?”

సైకిల్ సంగతి మూడో ప్రశ్న నాయనా. ఎవరెవరు వెళ్తున్నారన్నది మొదటిది. మీలో అందరికన్నా నెమ్మదిగా తొక్కేది ఎవరన్నది రెండోది. ఆ రెండింటికీ జవాబు తెలిశాక ఏ సైకిలైనా పరవాలేదు.

నేను విశాఖ స్టీల్ ప్లాంట్ మెకానికల్ మెయింటెనెన్స్‌లో ఫిట్టర్‌గా చేరి అక్కడే రిటైరైనవాణ్ణి. ఏ, బీ, సీ మూడు షిఫ్టులూ సైకిల్ మీదే వెళ్ళొచ్చాను. షిఫ్టు మారే రోజుల్లో సెలవు కలిపి, కొందరం కొండల వైపు వెళ్ళడం అలా అలవాటైంది. ఇప్పుడు మా గుంపులో సగం మంది మా పిల్లల వయసువాళ్ళు.

మా దారి గురించి ఒక మాట. విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట), బొడ్డవర. అక్కడి నుంచి ఘాట్. డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట, ఆ తర్వాత అరకు. పక్కనే కొండల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం సొరంగాల్లో దూరుతూ వస్తుంటుంది. బైలడిల్లా ఇనుప ఖనిజం 1960ల చివరి నుంచి ఆ పట్టాల మీదే కిందికి దిగుతోంది. దాన్ని ఎత్తే పెద్ద ఓడల కోసమే మన పోర్టుకు 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. మా ఫర్నేసుల్లో కరిగిందీ ఆ కొండల రాయే. గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టుకున్న ఫర్నేసుల దగ్గర పని చేసినవాళ్ళకు ఆ రాయి ఎక్కణ్ణుంచి వస్తుందో ఒకసారైనా వెళ్ళి చూడాలనిపించడం సహజం. బైలడిల్లా దాకా కాకపోయినా, అది దిగి వచ్చే కొండ దాకా అన్నమాట.

1. బలమైనవాడు వెనకుండాలి

గుంపులో అందరికన్నా గట్టిగా తొక్కేవాణ్ణి లీడర్ అని ముందు పెడతారు. నా లెక్కలో అది తలకిందుల పని. ముందున్నవాడికి రోడ్డు తప్ప ఏమీ కనిపించదు. ఎవరికి చైను ఊడింది, ఎవరు కాలు కొంకర్లు పోయి గట్టున కూర్చున్నారు అన్నది వెనకవాడికే తెలుస్తుంది. అందుకని పంపు, పనిముట్లు, మందుల సంచి, కాస్త ఓపిక, ఈ నాలుగూ ఉన్నవాడు చివర రావాలి. అతని వెనక మనవాళ్ళు ఒక్కరూ ఉండకూడదు.

చదును రోడ్డు మీద గుంపుకి ఒక లాభం ఉంది. ముందువాడు గాలి చీలుస్తుంటే వెనకవాడికి ఐదో వంతో నాలుగో వంతో శ్రమ తగ్గుతుంది. పెందుర్తి నుంచి ఎస్.కోట దాకా అందరూ ఒకే వేగంతో వచ్చేస్తారు, గుంపు బాగా కుదిరింది అనుకుంటారు. ఘాట్ మొదలైందా, ఆ లెక్క చెల్లదు. గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంలో గాలి అడ్డే కాదు, అక్కడ ఎదురు నిలిచేది మీ బరువే. ముందువాడి వీపు చూస్తూ తొక్కితే పైసా సాయం ఉండదు. ఘాట్‌లో గుంపు చెదిరిపోవడం సహజం, చెదరనివ్వాలి. బలవంతాన కలిసి తొక్కితే చురుకైనవాడికి విసుగు, నెమ్మదైనవాడికి ఆయాసం.

చెదిరినవాళ్ళు మళ్ళీ కలిసే చోటు మాత్రం ముందే ఖాయం చేసుకోవాలి. అది రెండో పాఠం.

2. చివరివాడు వచ్చాక లేవొద్దు, అప్పుడు కూర్చోండి

బొడ్డవర జంక్షన్, డముకు వ్యూ పాయింట్, అనంతగిరి, గాలికొండ. ఈ నాలుగు చోట్లా అందరూ చేరేదాకా ఎవరూ కదలకూడదు. ఘాట్ మలుపుల్లో చాలాచోట్ల ఫోను సిగ్నల్ అందదు, కాబట్టి ఈ మాట ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని అందరి జేబుల్లో పెట్టాలి.

గుంపుల్లో జరిగేది చెప్తాను. చురుకైనవాళ్ళు ముందే చేరి టీ తాగి, ఫొటోలు దిగి, అరగంట నడుం వాలుస్తారు. ఆఖరివాడు రొప్పుతూ వస్తాడు. “వచ్చేశాడ్రా, పదండి” అని అందరూ లేస్తారు. అంటే అందరికన్నా అలిసినవాడికి అందరికన్నా తక్కువ విశ్రాంతి. ఇలా మూడు చోట్ల జరిగితే నాలుగోచోట వాడు పడిపోతాడు, లేకపోతే మనతో మాటలు మానేస్తాడు. మా గుంపులో నియమం ఒక్కటే. చివరివాడు సైకిల్ స్టాండు వేశాక పావుగంట గడవాలి, ఆ తర్వాత పదమనే మాట కూడా అతని నోటి నుంచే రావాలి.

ఇది నేను ప్లాంటులో నేర్చిన సంగతే. కన్వేయర్ బెల్టు మీద మరమ్మత్తుకు పది మంది దిగితే, పదో మనిషి బయటికొచ్చి పర్మిట్ మీద సంతకం పెట్టేదాకా స్విచ్చి ముట్టుకోరు. తొమ్మిది మంది వచ్చేశారన్న మాట అక్కడ చెల్లదు.

3. ఎస్.కోట సగం దూరం, సగం పని కాదు

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి. ఎండ కోసం కాదు, ట్రైలర్ల కోసం. గాజువాక, ఎన్.ఏ.డి., గోపాలపట్నం దాటేలోపు పోర్టు లారీలూ కంటైనర్లూ మొదలైతే సైకిల్‌కు చోటు ఉండదు. వెనక ఎర్ర లైటు, చొక్కా మీద మెరిసే పట్టీ లేనివాణ్ణి గేటు దాటనివ్వకండి.

తెల్లారేసరికి కొత్తవలస దాటి, ఎస్.కోటలో టిఫిను. మ్యాపు చూసి “సగం అయిపోయిందిగా” అని ఎవరో ఒకరు అంటారు. దూరం సగానికి కాస్త తక్కువ అయింది, నిజమే. ఎత్తులో మాత్రం దాదాపు ఏమీ కాలేదు. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. దారిలో అనంతగిరి, గాలికొండ దగ్గర రోడ్డు 1,000 మీటర్లు దాటి, తర్వాత లోయలోకి దిగుతుంది. అసలు పని టిఫిను తర్వాతే.

4. చిన్న గేరుకి సిగ్గుపడొద్దు

మా పాత ఇరవైరెండు అంగుళాల సైకిళ్ళకు ముందు 48 పళ్ళ చక్రం, వెనక 18 పళ్ళ ఫ్రీవీల్ ఉండేవి. పెడలు ఒక చుట్టు తిప్పితే సైకిల్ ఐదున్నర మీటర్ల పైన ముందుకు వెళ్ళాలి. చదును మీద హాయి. ఘాట్‌లో మాత్రం దిగి తోసుకుంటూ నడవడమే. ఇప్పటి గేరు సైకిళ్ళలో ముందు 28, వెనక 32 పెట్టుకుంటే ఒక చుట్టుకు రెండు మీటర్లు కూడా కదలదు. అంత నెమ్మదా అనుకోకండి, మోకాళ్ళు అరిగేది పెద్ద గేరులోనే. కూర్చునే తొక్కాలి, నిమిషానికి డెబ్బై చుట్లకు తక్కువ కాకుండా కాళ్ళు తేలిగ్గా తిరగాలి. ఏటవాలు ఎక్కువయ్యాక గేరు మార్చబోతే చైను పటపటమంటుంది, మలుపు కనపడగానే మార్చేయాలి.

గేర్లు లేని సైకిల్ తెచ్చినవాణ్ణి ఎగతాళి చేయకండి. వాడు నడిచే వేగానికీ మీరు తొక్కే వేగానికీ ఘాట్‌లో మీరనుకునేంత తేడా ఉండదు.

5. సంచిలో ఏముండాలి

మనిషి, సైకిల్, సంచి కలిపి 90 కిలోలనుకుందాం. దాన్ని 1,000 మీటర్లు పైకెత్తడానికి దాదాపు 880 కిలోజౌళ్ళ పని. మనిషి ఒంట్లో తిన్నదాంట్లో నాలుగో వంతు మాత్రమే కాళ్ళకు పనిగా చేరుతుంది కాబట్టి, ఒక్క ఎత్తు ఎక్కడానికే దాదాపు 840 కిలోకాలరీలు ఖర్చు. అంతకుముందు తొక్కిన చదును దూరం ఇందులో కలపలేదు. ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మూడో జత బట్టలు ఎవరూ మోసుకురారు.

మనిషికి రెండు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషన్, టైరు ఊడదీసే పలకలు. గుంపుకి రెండు పంపులు, ఒక చైను విరిచే పనిముట్టు, ఆలెన్ కీలు, బ్రేకు రబ్బర్లు రెండు జతలు, నాలుగు స్పోకులు. పంచరు వేయడం అందరికీ వచ్చి ఉండాలి. మన గుంపుకి మెకానిక్ ఉన్నాడుగా అనుకుంటే ఆ మెకానిక్ సైకిలే ముందు ఆగిపోతుంది.

6. తిండి

ఆకలయ్యాక తింటే ఆలస్యమైపోయినట్టే. గంటకోసారి అరటిపండో, వేరుశనగ చిక్కీయో, రెండు ఖర్జూరాలో. ఉప్పు వేసిన మజ్జిగ చోడి అంబలిలో కలిపి సీసాలో పోసుకుంటే నీరసం రాదు, రంగు పొడులు కలిపిన నీళ్ళకన్నా చవక. బొంగులో చికెన్ రాత్రికి, అరకులో సైకిల్ దిగాక. అనంతగిరిలో ఘుమఘుమలు చూసి మధ్యాహ్నమే కుమ్మేసినవాణ్ణి గాలికొండ ఎక్కించడం ఎంత కష్టమో ఎక్కించినవాళ్ళకే తెలుసు.

7. ప్రమాదం దిగుడులోనే ఉంది

ఎక్కేటప్పుడు ఒళ్ళు హూనమవుతుందేమో గాని ఎముకలు విరగవు. విరిగితే దిగేటప్పుడే. కాబట్టి ఈ పాఠం కాస్త పెద్దది.

పైకెత్తడానికి పెట్టిన ఆ 880 కిలోజౌళ్ళు కింద చేరేలోపు ఎక్కడికో పోవాలి కదా. కొంత గాలి లాక్కుంటుంది, మిగిలిందంతా బ్రేకుల్లో వేడిగా తేలుతుంది. మొత్తం బ్రేకుల్లోకే వస్తే మూడు లీటర్ల నీళ్ళు మరిగించేంత వేడి. భయంతో బ్రేకు నొక్కిపెట్టి మెల్లగా దిగేవాడికి గాలి సాయం తక్కువ, అందుకని అతని రిమ్ము ఎక్కువ కాలుతుంది. రిమ్ము కాలితే లోపల ట్యూబు పగలొచ్చు. డిస్కు బ్రేకుంటే ట్యూబుకి ఆ భయం లేదు, కానీ ప్యాడు కాలి పట్టు సడలుతుంది.

చేయాల్సింది ఇది. తిన్నగా ఉన్న చోట సైకిల్‌ను వదలాలి, మలుపుకి ముందే రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించాలి, మలుపులో మళ్ళీ వదలాలి. మలుపు మధ్యలో బ్రేకు పట్టితే చక్రం జారుతుంది. సిల్వర్ ఓక్ ఆకులు రాలిన చోటా, మంచుకి తడిసిన చోటా మరీనూ. రెండు మూడు మలుపులకోసారి ఆగి రిమ్ముకి దగ్గరగా చేయి పెట్టి చూడండి, తాకకండి. సెగ తగిలితే పది నిమిషాలు ఆగాలి.

ఘాట్‌లో ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలన్నది నియమం. ఆర్టీసీ బస్సు హెయిర్‌పిన్ మలుపు తిరగాలంటే దానికి రోడ్డు మొత్తం కావాలి, మీ వైపు కూడా. హారన్ వినపడగానే మలుపుకి ఇవతలే ఎడమ పక్కకు దిగి నిలబడాలి. డ్రైవర్లకు సైకిళ్ళ మీద కోపం ఉండదు, కనపడని సైకిల్ మీదే భయం.

దిగేటప్పుడు మనిషికీ మనిషికీ మధ్య కనీసం ముప్పై మీటర్లు. ఒకరినొకరు దాటొద్దు. చెవుల్లో పాటలు వద్దు. ఇక్కడ కూడా అనుభవజ్ఞుడు ఒకడు చివరే రావాలి, ఇంకొకడు ముందుండి వేగం అదుపులో పెట్టాలి. అతన్ని దాటినవాణ్ణి మరుసటి ఏడు మేము పిలవం. ఇందులో మొహమాటం లేదు.

ఇంకొకటి. ఎక్కుతూ చెమటపట్టిన బనీనుతో అలాగే దిగితే డిసెంబర్ చలిగాలికి వేళ్ళు బిగుసుకుపోతాయి, బ్రేకు పట్టవు. పాత న్యూస్ పేపరు రెండు మడతలు చొక్కా లోపల ఛాతీకి అడ్డంగా పెట్టుకోండి. ఖరీదైన జాకెట్లు వచ్చాక ఈ కిటుకు మరిచిపోయారు గాని, ఇప్పటికీ పనిచేస్తుంది.

8. కాలం చూసి బయల్దేరాలి

నవంబర్, డిసెంబర్ మంచి కాలం. వలిసె పూలు పొలాలను పసుపు చేసే రోజులు. కానీ పొద్దున్నే మంచు రోడ్డు మీదే కూర్చుంటుంది. అరకులో రాత్రి ఆగి మరునాడు తిరిగొచ్చేవాళ్ళు ఎండ పడ్డాకే కదలాలి. ఏజెన్సీలో చీకటి పడ్డాక తొక్కొద్దు.

అక్టోబర్ వద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన ఊళ్ళో చెట్లన్నిటినీ పడుకోబెట్టిన సంగతి చిన్నపిల్లలకు కూడా కథగా తెలుసు. బంగాళాఖాతంలో అల్పపీడనమని విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం చెప్పిందంటే, ముందే బస బుక్ చేశామని పంతానికి పోకండి. వానకు ఘాట్‌లో కొండరాళ్ళు జారతాయి. బస డబ్బులు పోతే పోనీ.

9. కొండ ఊళ్ళు మన పార్కులు కావు

1942లో యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన పద్మాపురం తోట ఇప్పుడు టిక్కెట్టు కొని చూసే చోటు. దాని సంగతి వేరు. దారి పక్క గూడేలు అలా కాదు, అవి మనుషుల ఇళ్ళు. సైకిళ్ళు ఆపి వాకిట్లో ధాన్యం దంచుతున్న ఆవిడ ఫొటో అడగకుండా తీయడం మర్యాద కాదు. ఆమె స్థానంలో మీ అమ్మను పెట్టి చూసుకోండి.

మనం వెళ్ళే నెలలు కాఫీ పండ్లు కోసే నెలలు కూడా. నీడచెట్ల కింద కాఫీ, ఆ చెట్లకు పాకించిన మిరియాల తీగ. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ తోటలు గిరిజన రైతులవి. పండు కోసి నోట్లో వేసుకోవడం, కొమ్మ విరిచి సైకిల్‌కు కట్టుకోవడం దొంగతనమే. కొనండి. మిరియాలు, పిప్పళ్ళు, కాఫీ గింజలు ఆ ఊళ్ళోనే కొంటే సంచికి అరకిలో బరువు పెరిగినా పరవాలేదు, దిగేదారేగా. నీళ్ళ సీసాలు, చిక్కీ కాగితాలు మాత్రం వెనక్కి మోసుకురండి. ఇక్కడ కూడా చివర వచ్చేవాడి పని ఉంది: ముందువాళ్ళు పారేసినవి ఏరడం. ఒకసారి అతను ఏరిన సంచి అందరి ముందు కుమ్మరిస్తే మరుసటి రోజు ఎవరూ పారేయరు.

10. డబ్బులు ఒకరి చేతిలో, నిర్ణయం ఒకరి నోట్లో

ఖర్చుల డబ్బంతా బయల్దేరకముందే ఒకరికి ఇచ్చేయాలి. ఘాట్ మలుపులో నిలబడి ఆగుదామా వెళ్దామా అని ఓట్లు వేసుకోవద్దు. అంతే.

11. రైలెక్కితే పరువు పోదు

మన ఘాట్‌కి దేశంలో చాలా ఘాట్‌లకు లేని సౌకర్యం ఒకటుంది. పక్కనే రైలు. బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది, బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైనదని చాలాకాలం చెప్పుకునేవారు. రైళ్ళు తక్కువ, వేళలు ముందే చూసుకోవాలి. సైకిల్‌ను పార్సిల్ ఆఫీసులో బుక్ చేస్తే బ్రేకు వ్యానులో వస్తుంది, ఆ పనికి ఒక గంట ముందే స్టేషన్‌లో ఉండాలి.

ఒకాయన ఉండేవారు మాతో, రోలింగ్ మిల్లులో పనిచేసేవారు. బొర్రా మలుపు దగ్గర ఛాతీలో పట్టేసినట్టుందని మెల్లగా అన్నారు. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నారు. వెనక వస్తున్నవాడు వినలేదు, 108కి ఫోన్ చేయించాడు. ఆయన ఈ మధ్య మనవడితో బీచ్ రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ కనిపించారు. ఛాతీ నొప్పి, ఎడమ చేయి లాగడం, కళ్ళు తిరగడం, ఈ మూడింట్లో ఏదున్నా యాత్ర అక్కడితో ఆపేయాలి. నలభై దాటినవాళ్ళు బయల్దేరే ముందు డాక్టరుకి చూపించుకోవాలి. ఒక్కరికి బాగోలేకపోతే అతనితో ఇద్దరు ఉండాలి, ఒంటరిగా బస్సెక్కించి పంపేయకూడదు.

12. అరకు తర్వాత లడాఖ్ అంటారు

అంటారు, ఒకసారి గాలికొండ ఎక్కగానే. మనాలి–లేహ్ దారిలో బారాలాచా లా 4,890 మీటర్లు, తంగ్లాంగ్ లా 5,300 మీటర్ల పైమాటే. అక్కడ కాళ్ళకన్నా ముందు ఊపిరి అలిసిపోతుంది, లేహ్ చేరేముందు ఒళ్ళు ఎత్తుకి అలవాటు పడటానికి రోజులు ఇవ్వాలి. అరకులో ఆ బెడద లేదు. తలనొప్పి వచ్చినవాణ్ణి వెంటనే కిందికి దింపే గుంపు మాత్రం అక్కడ తయారవదు, ఇక్కడి నుంచే తయారై వెళ్ళాలి.

ఇంకొందరు గడువులోపు దూరం పూర్తి చేసే బ్రెవే సవారీలు తొక్కుతున్నాం కాబట్టి మాకు అన్నీ తెలుసంటారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 అయితే 40 గంటల్లో. పారిస్–బ్రెస్ట్–పారిస్ అయితే 1,200 కిలోమీటర్లు 90 గంటల్లో. గొప్ప పనే, నేను టోపీ తీస్తాను. కానీ అది ఎవరి పూచీ వాళ్ళది, గడియారంతో పందెం. గుంపు యాత్రలో గడియారాన్ని ఇంట్లో పెట్టి రావాలి. ఆ అలవాటు ఉన్నవాళ్ళే ఘాట్‌లో ఎవరికోసమూ ఆగలేక చిరాకుపడటం చూశాను.

ఈ శీతాకాలం వెళ్దామనుకునేవాళ్ళకు ఒక పని. సింహాచలం కొండ మీది గుడి సుమారు 800 అడుగుల ఎత్తున ఉంది. జనం లేని రోజు చూసుకుని, పోలీసులూ దేవస్థానంవాళ్ళూ వద్దనని వేళలో, మీ గుంపంతా కలిసి ఆ ఘాట్ రోడ్డు నాలుగుసార్లు ఎక్కి దిగండి. ఇంచుమించు అరకు ఎత్తు వచ్చేస్తుంది. నాలుగో ఎక్కుడికి కూడా చివరివాడు పైకి చేరేదాకా మిగతావాళ్ళంతా అక్కడే ఉంటే, డిసెంబర్‌కి తేదీ పెట్టుకోండి. ముందే దిగి ఇళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళుంటే, వాళ్ళను వదిలి చిన్న గుంపుతో వెళ్ళండి.